చుక్క సత్తయ్య: ఒగ్గు కథకు ఊరూరా పేరు తెచ్చిన కళాకారుడు

వరంగల్: ఒగ్గు కథ అనగానే గుర్తొచ్చే పేరు చుక్క సత్తయ్య. ఉమ్మడి వరంగల్ జిల్లా మాణిక్యాపురంలో (ఇప్పుడు జనగామ జిల్లా) 1935లో పుట్టారు. ఒగ్గు అంటే శివుడి చేతిలోని ఢమరుకం. గొల్ల, కురుమల ఇలవేల్పులైన మల్లన్న, బీరప్ప పట్నాల దగ్గర పూజారులు చెప్పే కథ ఇది. దాన్ని సత్తయ్య అందరూ చూసే వేదికలెక్కించారు. డోలు దరువుకు పాట, మాట, ఆట కలిపి ఒక్కరే రాజూ రాణీ అయిపోయేవారు. తెల్లవార్లూ సాగే కథకు సినిమా, టీవీ పోటీ వచ్చినా ఆయన ఆపలేదు. వేల ప్రదర్శనలిచ్చారు, శిష్యుల్ని తయారుచేశారు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017 నవంబర్ 9న కన్నుమూశారు. ఆయన నేర్పిన దరువు మాత్రం శిష్యుల డోళ్ల మీద ఇంకా మోగుతూనే ఉంది.