లైసెన్సు అనే మాటకు రెండు అర్థాలు: పటాల సాఫ్ట్‌వేర్, భౌగోళిక దత్తాంశాల హక్కులపై ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: పటాలు గీసే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా లభించడం మొదలై రెండు దశాబ్దాలు దాటింది. ఆ సాఫ్ట్‌వేర్‌తో గీయవలసిన భౌగోళిక దత్తాంశం మాత్రం అంత సులభంగా స్వేచ్ఛను పొందలేదు. బ్రిటన్, అమెరికాలలో ఈ చిక్కు కాపీరైట్ రూపంలో కనిపించగా, భారతదేశంలో రాజ్యానుమతి రూపంలో కనిపించింది. ‘లైసెన్సు’ అనే ఒకే మాట ఈ రెండు చిక్కులకూ పేరు కావడం వల్ల పరిశోధకులలో కలిగిన గందరగోళాన్ని, దాని చారిత్రక నేపథ్యాన్ని, ముఖ్యంగా తెలుగు ప్రాంతాలకు సంబంధించినంత వరకు పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: భౌగోళిక దత్తాంశం, కాపీరైట్, సర్వే ఆఫ్ ఇండియా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, నిషిద్ధ పటాలు, జాతీయ పటాల విధానం.

1. ఉపోద్ఘాతం

తెలుగువారికి ‘లైసెన్సు’ కొత్త మాట కాదు. తుపాకీ ఉంచుకోవడానికి, కల్లు అమ్మడానికి, మోటారు బండి నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పత్రం లైసెన్సు. అది లేకపోతే ఆ పని నేరం. సాఫ్ట్‌వేర్ రంగంలో ఈ మాట మరొక అర్థంతో వచ్చింది. ఒక కృతికి కర్త అయినవాడు చట్టరీత్యా తనకు దక్కిన హక్కులలో కొన్నింటిని కొన్ని షరతులతో ఇతరులకు ఇవ్వడం ఈ రెండవ లైసెన్సు. మొదటిదాన్ని ఇచ్చేది పాలకుడు, రెండవదాన్ని ఇచ్చేది కర్త. పటాల చరిత్రలో మాత్రం పాలకుడే కర్త కూడా. అక్కడే చిక్కు మొదలవుతుంది.

ఇది కేవలం మాటల చర్చ కాదు. సిద్ధాంత గ్రంథాలలో పటం కింద ‘ఆధారం: క్యూజీఐఎస్’ అని రాసి ఊరుకోవడం తరచుగా కనిపిస్తుంది. క్యూజీఐఎస్ పటం గీసిన పనిముట్టు మాత్రమే. కలం కంపెనీ పేరు చెప్పినంత మాత్రాన కవి పేరు చెప్పినట్లు కాదు కదా. ఆ పటంలోని నదులు, రోడ్లు, మండలాల సరిహద్దులు ఎవరివి, వాటిని అచ్చు వేసుకునే హక్కు ఎక్కడి నుండి వచ్చింది అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

2. ముందుగా విడుదలైన పనిముట్టు

సాఫ్ట్‌వేర్ కథ చిన్నది. అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగానికి ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న పరిశోధనాలయం 1982లో ‘గ్రాస్’ అనే భౌగోళిక సమాచార వ్యవస్థను నిర్మించడం మొదలుపెట్టింది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వోద్యోగులు ఉద్యోగ ధర్మంగా చేసిన కృతులకు ఆ దేశంలో కాపీరైట్ లేదు. అందువల్ల గ్రాస్ పుట్టుకతోనే అందరిదీ అయింది. 1990ల మధ్యలో ఆ పరిశోధనాలయం తప్పుకున్నాక విశ్వవిద్యాలయాలలోని వారు దానిని నిలబెట్టారు. 1999లో అది జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. క్యూజీఐఎస్‌ను 2002లో గ్యారీ షెర్మన్ ప్రారంభించాడు, దానిదీ జీపీఎల్ లైసెన్సే. ప్రోగ్రామును మార్చి పంచేవారు తమ మార్పులను కూడా అదే స్వేచ్ఛతో పంచాలన్నది జీపీఎల్ షరతు. ఆ ప్రోగ్రాముతో గీసిన పటానికి ఈ షరతు వర్తించదు.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఇది ఇంత సులువుగా తేలడానికి కారణం ఉంది. ప్రోగ్రాము రాసినవారెవరో తెలుసు, అది రచన అనడంలో చట్టానికి సందేహం లేదు. దత్తాంశం విషయంలో ఈ రెండూ సందేహాలే.

3. కొండ ఎత్తుకు కర్త ఎవరు?

పటం కళాకృతి. భారత కాపీరైట్ చట్టం, 1957 ‘కళాత్మక కృతి’ని నిర్వచిస్తూ పటాన్ని, చార్టును, ప్లానును అందులో చేర్చింది. కానీ ఆ పటంలోని ఒక కొండ ఎత్తు, ఒక ఊరి అక్షాంశ రేఖాంశాలు కేవలం యథార్థాలు. యథార్థానికి కర్త ఉండడు. మరి లక్ష యథార్థాలను శ్రమపడి ఒకచోట కూర్చినవాడి మాటేమిటి? 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఒక టెలిఫోన్ డైరెక్టరీ వివాదంలో (ఫీస్ట్ కేసు) శ్రమ ఒక్కటే కాపీరైట్ ఇవ్వదనీ, ఎంపికలో, అమరికలో కొంతైనా సృజన ఉండాలనీ తేల్చింది. ఐరోపా 1996లో దీనికి భిన్నమైన దారి పట్టి, దత్తాంశ నిధిని పెట్టుబడి పెట్టి నిర్మించినవారికి ప్రత్యేక హక్కును కల్పించింది. మన సుప్రీంకోర్టు ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో కేవల శ్రమ చాలదన్న వైపే మొగ్గింది. ఐరోపా వారి ప్రత్యేక హక్కు వంటిది మన చట్టంలో లేదు. ఒకే ఊళ్ల జాబితా ఒక దేశంలో ఆస్తి, మరొక దేశంలో కాదు.

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే తన పటాలను ఆస్తిగానే చూసింది. తన పటాలను నకలు చేసిందన్న వివాదంలో 2001లో ఆటోమొబైల్ అసోసియేషన్ దానికి 2 కోట్ల పౌండ్లు చెల్లించడానికి ఒప్పుకుంది. రోడ్డు వెడల్పు వంటి చోట్ల ఆర్డ్నెన్స్ సర్వే చేసిన సూక్ష్మమైన శైలీ భేదాలే ఆ నకలును పట్టించాయి. పన్నులతో తయారైన పటాన్ని పన్ను కట్టినవారే మళ్లీ కొనుక్కోవాలా అన్న ఉద్యమాన్ని గార్డియన్ పత్రిక 2006లో మొదలుపెట్టింది. 2010 ఏప్రిల్‌లో ఆ సంస్థ తన దత్తాంశంలో కొంత భాగాన్ని ఉచితం చేసింది.

4. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తన లైసెన్సును మార్చుకున్న కథ

ఆ బ్రిటన్‌లోనే 2004లో స్టీవ్ కోస్ట్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ప్రారంభించాడు. ఎవరి పటాన్నీ చూసి గీయకుండా, జీపీఎస్ పట్టుకుని వీధులు తిరిగి, అందరూ కలిసి కొత్త పటాన్ని తయారుచేయడం దాని పద్ధతి. మొదట క్రియేటివ్ కామన్స్ వారి ‘ఆపాదన, సమపంపిణీ’ లైసెన్సు, 2.0 పాఠాన్ని ఎంచుకున్నారు. అది పాటలకు, ఫొటోలకు, వ్యాసాలకు అనువుగా రాసినది. ఆ లైసెన్సు కాపీరైట్ మీద నిలబడుతుంది, యథార్థాలకు కాపీరైట్ లేని దేశంలో దాని షరతులకు బలం ఉంటుందా? వేలమంది కర్తల పేర్లను ఒక పటం మూలలో ఎలా రాయాలి? ఈ పటాన్ని ఒక పుస్తకంలో చేరిస్తే సమపంపిణీ షరతు పటానికా, పుస్తకానికంతటికా? ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలు దొరకలేదు.

దత్తాంశ నిధుల కోసమే రాసిన ఓడీబీఎల్ అనే లైసెన్సు 2009లో వచ్చింది. కాపీరైట్, ఐరోపా దత్తాంశ హక్కు, ఒప్పందం అనే మూడింటి మీద అది ఒకేసారి నిలబడుతుంది. దానికి మారడం మాత్రం సులభం కాలేదు. ఒక్కొక్క గీతా ఒక్కొక్కరిది, గీసిన ప్రతివారి సమ్మతీ కావాలి. సమ్మతించనివారివి, సమాధానం చెప్పనివారివి తొలగించక తప్పలేదు. 2012 జులైలో ఒక స్వయంచాలక ప్రోగ్రాము ఆ పని చేసింది. ప్రపంచం మొత్తం మీద నష్టం స్వల్పమే అయినా ఆస్ట్రేలియా, పోలండ్ వంటి చోట్ల రోడ్లకు రోడ్లే మాయమయ్యాయి. అంగీకరించని కొందరు పాత లైసెన్సుతోనే వేరు కుంపటి పెట్టుకున్నారు. 2012 సెప్టెంబరు 12న కొత్త లైసెన్సు అమలులోకి వచ్చింది. స్వేచ్ఛ పేరుతో పుట్టిన పటం లైసెన్సు కోసం తన ఒంటి మీది వీధులను తానే చెరిపివేసుకున్న ఘట్టం పటాల చరిత్రలో మరొకటి ఉన్నట్లు కనబడదు.

మన పరిశోధకులకు ఇందులో పనికివచ్చే అంశం ఒకటుంది. ఓడీబీఎల్ దత్తాంశానికీ, దాని నుండి తయారైన చిత్రానికీ భేదం పాటిస్తుంది. సిద్ధాంత గ్రంథంలో వేసిన పటం చిత్రం, దానికి ‘ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లు’ అని మూలాన్ని పేర్కొంటే చాలు. ఆ దత్తాంశాన్నే తీసుకుని, సవరించి, కొత్త నిధిగా ప్రకటిస్తే ఆ నిధిని అదే లైసెన్సుతో ఇవ్వాలి.

5. భారతదేశం: హక్కు కంటే ముందు అనుమతి

సర్వే ఆఫ్ ఇండియా 1767లో ఈస్టిండియా కంపెనీ అవసరాల కోసం పుట్టింది. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ వెంట పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య తెలుగువారు. ఊరి పేరు, పొలిమేర, చెరువు, దేవాలయం మాన్యం వంటి వివరాలు చెప్పినవారు కరణాలు, గ్రామ పెద్దలు. ఆ జ్ఞానం కంపెనీ దస్త్రంలో చేరగానే కంపెనీది అయింది. చెప్పినవారికి దానిపై ఏ హక్కూ మిగలలేదు, అడిగే ఆలోచన కూడా ఆనాడు ఎవరికీ లేదు.

స్వాతంత్ర్యానంతరం కూడా ఆ వారసత్వమే కొనసాగింది. 1960ల నుండి అమలైన నియమాల ప్రకారం దేశ సరిహద్దు నుండి, సముద్రతీరం నుండి సుమారు 80 కిలోమీటర్ల లోపలి ప్రాంతాల పెద్ద స్కేలు స్థలవర్ణన పటాలు నిషిద్ధ పటాలు. మన తీరరేఖ మీద ఆ 80 కిలోమీటర్లను కొలిచి చూస్తే విషయం బోధపడుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు, గోదావరి, కృష్ణా డెల్టాలు అన్నీ దాని లోపలివే. వరంగల్ చుట్టుపక్కల చెరువులపై పనిచేసే విద్యార్థి టోపోషీటును కొనుక్కోగలిగిన రోజులలో, కాకినాడ మడ అడవులపై పనిచేసే విద్యార్థి సంస్థాధిపతి ద్వారా దరఖాస్తు పెట్టి, పటాన్ని భద్రంగా ఉంచుతామని హామీ ఇచ్చి తెచ్చుకోవలసి వచ్చేది. తుపానులకు, ఉప్పెనలకు మొదట గురయ్యే నేలకే పటం దుర్లభం కావడం ఈ విధానంలోని వైపరీత్యం.

దీనికి మించిన వైపరీత్యం మరొకటుంది. అమెరికా సైన్యపు పటాల విభాగం 1950లలో భారత ఉపఖండానికి 1:2,50,000 స్కేలులో యూ502 అనే పటాల శ్రేణిని తయారుచేసింది. వాటికి ప్రధానాధారం సర్వే ఆఫ్ ఇండియా పటాలే. అమెరికా ప్రభుత్వ కృతికి కాపీరైట్ లేదు కనుక టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని అంతర్జాలంలో అందరికీ అందుబాటులో పెట్టింది. మన తీరాన్ని ఆస్టిన్ నుండి చూడవచ్చు, ఆ తీరానికి సంబంధించిన మన పటాన్ని మాత్రం మన ఊళ్లో అడిగి తెచ్చుకోవలసి వచ్చేది.

2005 జాతీయ పటాల విధానం మొదటి సడలింపు. రక్షణ అవసరాలకు ఒక శ్రేణి, పౌరులకు ‘ఓపెన్ సిరీస్ మ్యాప్స్’ అనే మరొక శ్రేణి ఏర్పడ్డాయి. రెండవ శ్రేణికి పొట్టి పేరు ఓఎస్ఎం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పొట్టి పేరూ అదే. ఒకటి ప్రభుత్వం తెరిచినది, మరొకటి జనం గీసినది. పరిశోధన పత్రాలలో ‘ఓఎస్ఎం ఆధారంగా’ అని చదివినప్పుడు ఏదని అడగక తప్పదు. ఈ విధానంలో పటాన్ని కొన్నవారు దానికి అదనపు సమాచారం చేర్చుకోగలిగేవారు. కానీ ఇతరులతో పంచుకుంటే ఆ లావాదేవీని ఒక రిజిస్టరులో నమోదు చేయవలసి ఉండేది. తెరిచిన తలుపు పక్కన కాపలాదారుణ్ణి నిలబెట్టినట్లుంది.

ఆ తరువాతి పదేళ్లలో ఉపగ్రహ చిత్రాలు ప్రతి చరవాణిలోకి వచ్చేశాయి. 2013లో గూగుల్ సంస్థ నిర్వహించిన ‘మ్యాపథాన్’ పోటీపై సర్వే ఆఫ్ ఇండియా ఫిర్యాదు చేయగా విషయం సీబీఐ విచారణ దాకా వెళ్లింది. 2016 మే నెలలో కేంద్ర హోంశాఖ భౌగోళిక సమాచార నియంత్రణ బిల్లు ముసాయిదాను ప్రకటించింది. ఉపగ్రహం, విమానం, డ్రోను, నేలమీది వాహనం, దేనితో సేకరించినా భౌగోళిక సమాచారానికి లైసెన్సు కావాలని, ఉల్లంఘనకు 100 కోట్ల రూపాయల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అని అందులో ఉంది. అక్షరార్థంలో చదివితే చరవాణిలో తన ఇంటి స్థానాన్ని స్నేహితుడికి పంపినవాడు కూడా దాని పరిధిలోకి వస్తాడు. విమర్శలు వెల్లువెత్తాయి, బిల్లు చట్టం కాలేదు. మరుసటి ఏడాదే, తన 250 ఏళ్ల సందర్భంలో, సర్వే ఆఫ్ ఇండియా ‘నక్షే’ అనే పోర్టల్ ద్వారా ఓపెన్ సిరీస్ పటాలను ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. అయితే అప్పట్లో ఆధార్ సంఖ్యతో లోపలికి వెళ్లవలసి ఉండేది.

2021 ఫిబ్రవరి 15న వెలువడిన మార్గదర్శకాలతో పరిస్థితి మారింది. భారతీయ సంస్థలు, వ్యక్తులు భౌగోళిక దత్తాంశాన్ని సేకరించడానికి, ప్రచురించడానికి ముందస్తు అనుమతి గాని, లైసెన్సు గాని అక్కరలేదని ఆ పత్రం ప్రకటించింది. అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్లు అనే హద్దును పెట్టి, అంతకంటే సూక్ష్మమైన దత్తాంశాన్ని విదేశీ సంస్థలు భారతీయ సంస్థల నుండి ‘లైసెన్సు’ చేసుకోవచ్చన్నది. ఒకే పత్రంలో ఒకచోట లైసెన్సు అక్కరలేదు, మరొకచోట లైసెన్సు తీసుకోవాలి. మొదటిది పాలకుని అనుమతి, రెండవది యజమాని ఇచ్చే హక్కు. ఈ భేదాన్ని గమనించకుండా ‘పటాలపై ఆంక్షలన్నీ తొలగాయి’ అని రాసిన వ్యాఖ్యలు తొందరపాటువి. అనుమతి అక్కరలేకపోవడం వల్ల కాపీరైట్ పోదు. ప్రభుత్వ కృతికి మన చట్టం ప్రకారం ప్రచురణ నుండి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1980లో అచ్చయిన టోపోషీటును స్కాన్ చేసి పుస్తకంలో వేయడం నిషేధోల్లంఘన కాకపోవచ్చు, కాపీరైట్ ఉల్లంఘన కావచ్చు.

6. ఊరి పేరును తెలుగులో రాసేటప్పుడు

ఈ చర్చ తెలుగు భాషకు అతి దగ్గరగా వచ్చేది ఊరి పేర్ల దగ్గర. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి ఊరికీ తెలుగు పేరు రాయడానికి విడిగా ఒక గడి ఉంది. ఇంగ్లీషు జాబితాలోని అక్షరాల నుండి అది కొత్తపల్లో, కొత్తపల్లియో, కొత్తపల్లెయో తేల్చడం యంత్రానికి సాధ్యం కాదు. తెలుగు వికీపీడియాలో వేల గ్రామాల వ్యాసాలున్నాయి కదా, అక్కడి నుండి తీసుకోవచ్చు అనిపిస్తుంది. కానీ వికీపీడియా లైసెన్సు వేరు. పైగా అక్కడి అక్షాంశ రేఖాంశాలు వాణిజ్య పటాల నుండి తీసినవి కావచ్చునన్న సందేహంతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వారు వాటిని స్వీకరించరు. వికీడేటా సర్వహక్కులూ వదులుకున్న సీసీ0 పద్ధతిలో ఉన్నందువల్ల, షరతులున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుండి అక్కడికి మూకుమ్మడిగా తరలించడమూ కుదరదు. మూడూ స్వేచ్ఛా నిధులే. మూడింటి మధ్యా గోడలున్నాయి.

ఆ గోడలు నకలు చేసేవాడికే అడ్డం. తన ఊరి శివారు గూడెం పేరును చిన్ననాటి నుండి చెవితో విని ఎరిగినవాడు దానిని మూడుచోట్లా తన చేతితో రాయవచ్చు, ఏ లైసెన్సూ అతనికి అడ్డురాదు. మెకంజీ మనుషులకు ఊరి వివరాలు చెప్పిన కరణం దగ్గర ఉన్నదీ అటువంటి జ్ఞానమే.