ఆరోగ్యవరం గాలి

క్షయ తగ్గినా దాని మచ్చలు నా ఊపిరితిత్తుల్లో మిగిలాయి. మెట్లెక్కితే ఆయాసం. కంగారుపడితే ఊపిరి ఇంకా వేగం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వేళ్ల కొసలకు, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. అందుకే ఆరోగ్యవరం క్షయ శానిటోరియం చరిత్ర నాకు సొంతింటి కథ.

మదనపల్లె పక్కన, సుమారు 700 మీటర్ల ఎత్తున, క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఈ శానిటోరియం 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపారు. అప్పటికి క్షయకు మందు లేదు. గాలి, తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. ఆ కాలపు శానిటోరియాల్లో పక్కటెముకల మధ్య సూది గుచ్చి, గాలి ఎక్కించి, జబ్బుపడ్డ ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేసేవారు. దానికి విశ్రాంతినివ్వడానికట! ఆ రోగుల ఆయాసం తలుచుకుంటే నాకు గుండె తరుక్కుపోతుంది.

మందులొచ్చాక, ఇంట్లో ఉండి వాడినా శానిటోరియంలో వాడినంత గుణమిస్తాయని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది.

ఇప్పుడు మా ఫిజియోథెరపిస్టు నన్ను మంచం మీద ఉండనివ్వదు, రోజూ నడిపిస్తుంది. ఆయాసం మొదలైతే ముందుకు వంగి కూర్చుని, మోచేతులు తొడలమీద ఆనించి, రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఈల వేసేట్టు పెదవులు బిగించి నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలమంటుంది. అలా చేసినా తగ్గకపోతే, లేదా ఛాతీలో నొప్పి వస్తే, పెదవులు నీలబడితే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.