పొరపాటు ఎవరిమీద పడును?

అంబాజీపేట కొబ్బరి రాశుల వద్ద కాయను ఊపి, మీటి చూచువారిని కోనసీమ విద్యార్థులు ఎరుగుదురు. ఇందులో రెండు విధముల పొరపాటు గలదు: మంచి కాయను పారవేయుట యొకటి, కుళ్ళు కాయను బస్తాలో వేయుట యొకటి. పరీక్ష మారనిచో ఒకదానిని తగ్గింపబోయిన రెండవది పెరుగును. ఈ సంగతికి 1933లో నేమన్, పియర్సన్ గణితరూప మిచ్చిరి. ఏ పొరపాటుకు ఎంత నష్టమో లెక్కకట్టి నిర్ణయించు పద్ధతిని ఏబ్రహాం వాల్డ్ 1950లో గ్రంథముగా ప్రకటించెను. ఆ డిసెంబరులోనే, మన దేశమునకు ఉపన్యాసములీయ వచ్చి, నీలగిరులలో విమానము కూలి మరణించెను.

తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, 1946లో కేంబ్రిడ్జికి పోయి, సూడానులోని జెబెల్ మోయాలో దొరకిన అస్థిపంజరముల కొలతలను పరిశీలించిరి. కొన్ని కొలతలను బట్టి మనిషి ఏ సమూహమువాడో నిర్ణయించుట ఎట్లని వారు 1948లో వ్రాసిన వ్యాసము ప్రసిద్ధము. అయితే ఎముకను తప్పు వర్గములో వేసినను ఆ ఎముకకు వచ్చు నష్టము లేదు. బ్రతికియున్నవారి సంగతి వేరు.

రెండు రాశులు తీసికొందము. ఒక్కొక్కదానిలో 100 కాయలు. మొదటిదానిలో 10, రెండవదానిలో 40 కుళ్ళినవి. మన పరీక్ష కుళ్ళినవానిలో పదింట 8 పట్టుకొనును. మంచివానిలో పదింట ఒకదానిని పొరపాటున కుళ్ళనును. రెండు రాశులకును ఒకే పరీక్ష, ఒకే పొరపాటు. అయినను మొదటి రాశిలో పారవేసిన 17 కాయలలో 9 మంచివి! రెండవదానిలో 38కి 6 మాత్రమే. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. రెండు విధముల న్యాయమును ఒకేసారి పాటించుట, పరీక్ష దోషరహితమైననో, రెండు రాశుల పాళ్ళు సమానమైననో తప్ప, సాధ్యము కాదని 2016లో క్లైన్‌బర్గ్, ములైనాథన్, రాఘవన్ నిరూపించిరి.

కాయల బదులు రేషను కార్డులైనచో? తెలంగాణాలో 2014–19 మధ్య 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యెను. 2016 నుండి వడపోతకు సమగ్ర వేదిక అను కంప్యూటరు ఏర్పాటును వాడిరి. పలు శాఖల రికార్డులలోని పేర్లను, చిరునామాలను అది పోల్చును. పేరు పోలికచే ఒకరి కారు వేరొకరికి అంటగట్టబడుటయు జరిగెను. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మరల విచారింపుడని 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. వచ్చిన 4,91,899 దరఖాస్తులలో జూలై నాటికి 2,05,734 పరిశీలింపగా, 15,471 మంది అర్హులేయని తేలెను; నూటికి ఏడున్నర. తక్కినవాని విచారణ అప్పటికి ముగియలేదు.