వాయించడం రాని మనిషి చేసిన గిటార్

లియో ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోల మరమ్మతు ఆయన పేషా. 1950లో ఆయన అమ్మకానికి పెట్టిన ఎలక్ట్రిక్ గిటార్‌కే తర్వాత టెలికాస్టర్ అని పేరొచ్చింది. దాని బ్రిడ్జి మీద ఆరు తీగలకు మూడే శాడిళ్లు. అంటే రెండేసి తీగలకు ఒకే ఆసరా.

ఝగడా అక్కడే మొదలైంది. వీణకు మెట్లు, సితార్‌కు పర్దాలు ఉన్నట్టే గిటార్‌కు ఫ్రెట్లు. తీగను ఫ్రెట్ మీద నొక్కితే కాస్త సాగుతుంది, సుర్ పైకి పోతుంది. లావు తీగది ఒక ఫరక్, సన్న తీగది ఇంకో ఫరక్. అందుకే దేని నిడివి దానికి విడిగా సరిచేయాలి. జోడీగా కట్టేస్తే ఒక తీగకు ఇన్సాఫ్, పక్కదానికి జుల్మ్!

బిల్ కార్సన్ లాంటి వాద్యకారుల షికాయత్ అదే. ఫెండర్ విన్నాడు (చేసినవాడు వినడమే నా దృష్టిలో అసలు కమాల్). 1954 స్ట్రాటోకాస్టర్‌లో ఆరు తీగలకు ఆరు శాడిళ్లు వచ్చాయి. అదే ఏడాది గిబ్సన్ వాళ్లు లెస్ పాల్ కస్టమ్‌కు ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జి పెట్టారు.

సరిచూసే తరీఖా నేటికీ ఒకటే. ముందు కొత్త తీగలు వేసి శ్రుతి చేయాలి. 12వ ఫ్రెట్ పైన తీగకు వేలు తాకీ తాకనట్టు ఆనించి మీటాలి. తర్వాత అక్కడే నొక్కి మీటాలి. రెండూ ఒకే సుర్ పలకాలి. నొక్కినప్పుడు ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి జరిపి నిడివి పెంచాలి, తక్కువైతే ముందుకు. జరిపిన ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి. సబర్ కావాలి భాయ్!

ఇంతా అయ్యాక, కొందరు టెలికాస్టర్ ఉస్తాద్‌లు ఇప్పటికీ ఆ మూడు ఇత్తడి శాడిళ్లే కావాలంటారు, ఆ ఆవాజ్ కోసం. ఏటవాలుగా చేయించుకుని, రెండు తీగలకూ రాజీ కుదుర్చుకుంటారు.