బ్రౌను దొర కారణజన్ముడేమీ కాదు

మొన్న ఆఫీసులో జర్మన్ క్లాసుల గురించి మాటలొచ్చాయి. డబ్బు కట్టి మూడో వారంలో మానేసిన ఘనుణ్ణి నేను. "నాకు భాషలు అబ్బవు లెండి" అని తప్పించుకున్నాను. ఆ రాత్రే ఏదో మాటకి అర్థం వెతుకుతూ బ్రౌణ్యం తెరిస్తే కాస్త సిగ్గేసింది.

సి.పి.బ్రౌన్ గురించి చాలామంది "తెలుగు కోసమే పుట్టిన మహానుభావుడు" అని మొదలుపెడతారు. నాకిది నచ్చదు. అలా అనేస్తే ఆయన పడ్డ కష్టం కాస్తా గాలికి పోతుంది. ఆయన పుట్టింది 1798లో, కలకత్తాలో. ఇంగ్లండులో చదువుకుని 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చాడు. తెలుగు మొదలుపెట్టింది ప్రేమతో కాదు, కొలువు కోసం. ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో దొరలు దేశభాషల్లో పరీక్ష పాసవ్వాలి మరి! 1820లో కడపకి పంపారు.

1824 ప్రాంతంలో వేమన మీద దృష్టి పడింది. అసలు కథ ఇక్కణ్ణుంచే. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో ప్రతిలో ఉండదు, ఉన్నా పాఠం వేరు. బ్రౌను దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి చదివించి, తేడాలు రాయించి, శుద్ధప్రతి తయారు చేయించేవాడు. (మనం రోజూ కోడు ఫైళ్ళకి 'డిఫ్' చూసుకోమూ, అదే. కాకపోతే తాటాకుల మీద.) 1827లో ఛందస్సు మీద పుస్తకం, 1829లో ఇంగ్లీషు అనువాదంతో వేమన పద్యాలు అచ్చయ్యాయి. అంటే అక్షరమ్ముక్క తెలియకుండా ఓడ దిగినవాడు పదేళ్ళకి యతిప్రాసలు వివరిస్తున్నాడన్నమాట. స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టిన గణాలు నాకిప్పుడు ఒక్కటీ గుర్తు లేవు.

ఇదంతా ఒంటిచేత్తో చేశాడనుకుంటే మాత్రం అన్యాయం. కడప బంగళాలో జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితులు పనిచేశారు. బ్రౌను వాళ్ళకి సొంత డబ్బుతో జీతాలిచ్చాడు, అందుకోసం అప్పుల పాలయ్యాడు కూడా. చిన్నప్పట్నుంచీ కావ్యాలు వల్లెవేసిన వాళ్ళ సాధన మీద ఈయన సాధన నిలబడింది. పుస్తకం అట్ట మీద ఒక్క పేరే మిగిలింది, అది వేరే సంగతి.

1840లో వ్యాకరణం వచ్చింది. తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చేసరికి 1852. మద్రాసులో దిగి 35 ఏళ్ళు! మధ్యలో ఉద్యోగం బదిలీలు, పైవాళ్ళతో తగాదాలు అన్నీ ఉన్నాయి. 1855లో కొలువు చాలించి లండన్ వెళ్ళిపోయాకైనా ఊరుకున్నాడా అంటే, లేదు. అక్కడి యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడయ్యాడు. 1884లో పోయాడు.

కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరనే భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. ఈసారి ఊరెళ్ళినప్పుడు చూడాలి. నా జర్మన్ పుస్తకం మాత్రం ఇంకా మూడో పాఠం దగ్గరే ఉంది. నిన్న దుమ్ము దులిపాను, అంతవరకే.