చేను మారింది, పురుగు మారింది: ఓరుగల్లు పత్తి చరిత్ర

ఓరుగల్లు చరిత్ర అనగానే కాకతీయులు, రామప్ప, సమ్మక్క సారలమ్మల పోరు గుర్తొస్తాయి. అవి మనం తెలుసుకోవాల్సినవే. అయితే గత నలభై ఏళ్ళలో మన తండాల, గూడేల బతుకును మార్చినవాటిలో ఒక పంట, దాని మీద బతికే పురుగులు కూడా ఉన్నాయి. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు చెట్టుకూ పురుగుకూ ఉన్న సంబంధం చూద్దాం. చెట్టు పారిపోలేదు కాబట్టి నిలబడ్డ చోటనే తనను కాపాడుకుంటుంది. పత్తి ఆకు మీద, కాయ మీద కనిపించే సన్నని నల్లచుక్కల్లో గాసిపాల్ అనే విషం ఉంటుంది. చాలా పురుగులకు అది పడదు. ఆకు కింద ఈనె మీద తీపి రసం ఊరే చోటు ఉంటుంది. ఆ రసానికి వచ్చే చీమలు పురుగు గుడ్లనూ పిల్లలనూ తింటాయి. ఆకు మీద నూగు దట్టంగా ఉంటే పచ్చదోమ నిలవలేదు. కానీ శనగపచ్చ పురుగు రెక్కల తల్లి ఆ నూగు ఆకు మీదనే ఎక్కువ గుడ్లు పెడుతుంది. ఒక పురుగును ఆపే గుణమే ఇంకో పురుగును పిలుస్తుందన్నమాట. వేల ఏళ్ళుగా మొక్క ఒక కాపుదల తెచ్చుకుంటే పురుగు దాన్ని దాటే దారి వెతుక్కుంటూ వచ్చింది.

ఈ సంగతి మన పెద్దలకు వేరే రూపంలో తెలుసు. మహదేవ్‌పూర్ అడవి వైపు మద్దిచెట్ల మీద దసలి పట్టు పురుగులు పెంచుతారు. పురుగు ఆకు తినాలి, చెట్టు కూడా బతకాలి. ఒక చెట్టు ఆకు అయిపోవస్తే పురుగులను పక్క చెట్టుకు మారుస్తారు. చెలకల్లో కూడా ఒకే పంట వేసేవారు కాదు. జొన్న, కంది, పెసర, అనుములు, ఆముదం కలిపి సాళ్ళు పెట్టేవారు. దాసరి పురుగు ఆముదం ఆకు తిన్నా, దానికి జొన్న పనికిరాదు. ఒకటి పోయినా ఇంకొకటి ఇంటికి వచ్చేది. పురుగు లేని చేను అప్పుడు కూడా లేదు. కానీ ఏ ఒక్క పురుగుకూ ఊరంతా ఒకే మేత దొరికేది కాదు.

పత్తి మనకు కొత్తది కాదు. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు పెట్టింది ఈ ప్రాంతంలో పత్తి ఉందనే. మన దేశవాళీ పత్తికి పింజ పొట్టిదైనా, వాన తక్కువైనా, రసం పీల్చే పురుగులు పట్టినా తట్టుకునేది. పొడుగు పింజ ఇచ్చే అమెరికా జాతి పత్తికి ఆ ఓర్పు తక్కువ. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని విడుదల చేశారు. వ్యాపారంగా సాగైన మొదటి సంకర పత్తి ప్రపంచంలో అదే. ఆ తర్వాత సంకర పత్తి మన దగ్గరికీ వచ్చింది. సంకర విత్తనాన్ని దాచుకుని మళ్ళీ వేస్తే మొదటి కాపు రాదు. అందుకని ఏటా కొనాలి. విత్తనం, మందు, అప్పు మూడూ ఒకే దుకాణంలో దొరికే రోజులు వచ్చాయి. జొన్న, కంది చెలకలు పత్తి చెలకలయ్యాయి.

1980 తర్వాత సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కొట్టిన రోజే పురుగు రాలేది. 1987 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు ఆ మందులకు చావడం మానేసింది. పురుగు ఏదో నేర్చుకుందని కాదు. లక్ష పురుగుల్లో మందును తట్టుకునేవి పుట్టుకతోనే కొన్ని ఉంటాయి. మిగతావి చస్తే అవే మిగిలి వందలకొద్దీ గుడ్లు పెడతాయి. సుమారు నెలకో తరం. కొన్నేళ్ళలో చేనంతా వాటి సంతానమే అవుతుంది. పైగా ఆ మందు అక్షింతల పురుగు, సాలీడు వంటి మిత్రులను ముందే చంపేస్తుంది.

అదే కథ 1997లో వరంగల్‌కు వచ్చింది. ఆ ఏడు వాతావరణం కలిసిరాలేదు. పత్తి మీద పొగాకు లద్దె పురుగు దండులా పడింది. రైతులు ఒక మందు మీద ఇంకో మందు, రెండు మూడు కలిపి కూడా కొట్టారు. పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. 1997-98లో వరంగల్ పేరు దేశమంతా వినబడింది పత్తి దిగుబడికి కాదు, రైతుల ఆత్మహత్యలకు. రాష్ట్రంలో వందల కుటుంబాలు ఇంటి పెద్దను పోగొట్టుకున్నాయి.

2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టి, కాయతొలుచు పురుగుకు పడని విషాన్ని మొక్కే తయారుచేసేలా చేశారు. మొదట వచ్చిన మూడు బీటీ సంకరాలు మన దగ్గర సరిగా పండలేదు. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వాటికి అనుమతి పొడిగించలేదు. 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. శనగపచ్చ పురుగు మీద మందులు కొట్టడం తగ్గిన మాట నిజం.

గులాబి రంగు పురుగు దగ్గర లెక్క తప్పింది. ఈ పురుగు గురించి మొదట రాసింది 1840ల్లో, గుజరాత్‌లోని భరూచ్ పత్తిని చూసి. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట, మిరప కూడా తింటుంది. బీటీ విషం తగలని పురుగులు ఆ పంటల మీద బతికి, తట్టుకునే పురుగులతో జతకడతాయి. అందుకని తట్టుకునే గుణం త్వరగా పెరగదు. గులాబి పురుగుకు మాత్రం మన దగ్గర పత్తే దిక్కు. ఊరంతా బీటీ పత్తే అయితే దానికి మిగిలింది తట్టుకోవడం లేదా చావడం. అందుకే బీటీ సంచితో పాటు చేను చుట్టూ వేయమని మామూలు పత్తి గింజల చిన్న పొట్లం ఇచ్చేవారు. ఆ పొట్లం ఎందుకో చాలామందికి ఎవరూ వివరంగా చెప్పలేదు. యాసంగిలో కూడా పత్తి కట్టె చేనులోనే నిలవడంతో పురుగుకు ఏడాదంతా మేత దొరికింది. 2010లో మొదటి రకం బీటీని, 2015 నాటికి రెండో రకాన్ని గుజరాత్‌లో గులాబి పురుగు దాటింది. తర్వాత మన చేలల్లోనూ గుడ్డిపూలు, పుచ్చిన కాయలు కనిపించాయి.

మిరపలో 2021లో నల్ల తామర పురుగు వచ్చింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగు పువ్వులో దాక్కుని తింటుంది. మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఎందరో మిరప తోటలు పీకేశారు. పంట వేరైనా పాఠం అదే. ఒకే పంట ఎకరాలకొద్దీ పరచుకుని, మిత్రపురుగులు లేకుండా పోయిన చోట కొత్త పురుగుకు అడ్డు ఉండదు.

దీనికి జవాబు కూడా ఈ ప్రాంతంలోనే దొరికింది. అప్పటి వరంగల్ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి 2006లో రసాయనాలు లేని ఊరుగా ప్రకటించుకుంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు అంతకు ముందే పురుగుమందులు మానేశారు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, చేను చుట్టూ ఆముదం, బంతి. లద్దె పురుగు తల్లి ఆముదం ఆకు మీద గుడ్లు కుప్పగా పెడుతుంది. ఆ ఆకు తెంపేస్తే వందల పురుగులు ఒకేసారి పోతాయి. అంటే పురుగుకు ఏ మొక్క ఇష్టమో తెలిసి, ఆ ఇష్టాన్నే మనకు పనికొచ్చేలా మార్చుకోవడం.

మన పిల్లలు ఈ చరిత్ర తెలుసుకోవాలి. పురుగు రావడం రైతు తలరాత అని ఎవరైనా అంటే, కాదని కారణం చెప్పగలగాలి. ఉపాధ్యాయులను మేము కోరేది చిన్న పని. తండాలో, గూడెంలో ముసలవ్వలను అడిగి, ముందు ఏయే పంటలు కలిపి వేసేవారో, ఏ పురుగు ఏ మొక్క మీద ఉండేదో పిల్లలతో రాయించండి. పత్తి తీశాక మార్చిలో కూడా కట్టె నిలిచిన చేలు ఊళ్ళో ఎన్ని ఉన్నాయో లెక్క వేయించండి. వచ్చే పునాసకు విత్తనం కొనేముందు ఆ నోటుపుస్తకం ఇంట్లో ఉండాలి.