రొయ్య పెంకు, మక్క ఇథనాల్, మధ్యల ఒక పొర

మక్కలతో ఇథనాల్ చేసే ఫ్యాక్టరీల ముచ్చట ఇప్పుడు ఊరూరా నడుస్తున్నది. దాంట్లో ఒక ముడి ఉన్నది. ఆ ముడి విప్పే పని కొంత మన తార్నాకలనే జరిగింది, అదీ రొయ్య పెంకుతోని. శంషాబాద్ నుంచి తార్నాక ఎంత దూరమని? అయినా ఆ సంగతి మన దాకా రాలేదు.

కథ పుట్టగొడుగుతో మొదలైంది. 1811లో ఫ్రాన్స్‌లో బ్రాకొనో అనే ఆయన పుట్టగొడుగుల నుంచి ఒక గట్టి పదార్థం తీసిండు. 1823లో ఒడియే అదే సరుకును పురుగుల పెంకులో చూసి కైటిన్ అని పేరు పెట్టిండు. మన చేనును తినే పురుగు ఒంటి మీద ఉన్నదీ అదే, రొయ్య మీద ఉన్నదీ అదే. 1859లో రూజే దాన్ని ఘాటు క్షారంలో ఉడికిస్తే, పలుచటి ఆమ్లంలో కరిగే కొత్త సరుకు వచ్చింది. దాన్నే 1894 నుంచి కైటోసాన్ అంటున్నరు. కరగడమే ఇక్కడ అసలు మలుపు. కరిగితేనే పోయొచ్చు, పోస్తేనే పొర అయితది. 1930లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రిగ్బీ ఈ పొరల మీద పేటెంట్లు తీసుకున్నడు. తర్వాత ప్లాస్టిక్ జోరుల ఇది వెనకబడ్డది.

రొయ్యను ఒలిస్తే బరువులో సగం దాకా తలకాయ, పెంకు కిందనే పోతది. ఆ పెంకును పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం పోతది. కాస్టిక్ సోడాలో వేడి చేస్తే మాంసకృత్తులు పోతయి. మిగిలిన కైటిన్‌ను ఇంకా ఘాటైన కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్. దాన్ని వెనిగర్‌లో ఉండే ఆమ్లంలోనే, పలుచగా కలిపి కరిగించి, వడగట్టి, అద్దం పలక మీద పోసి ఆరబెడతరు. ఆరినంక ఒలిస్తే కాగితం లెక్క పొర వస్తది. వినడానికి సులువే గానీ ఇంట్ల చేసే పని కాదు, కాస్టిక్ చెయ్యి కాలుస్తది.

ఈ పొరకు నీళ్లంటే మస్తు ఇష్టం. తాగి ఉబ్బుతది, మెత్తబడి చిరుగుతది. అందుకే దాని పోగులను గ్లూటరాల్డిహైడ్ లాంటి వాటితో ఒకదానికొకటి ముడేస్తరు. కొన్నిసార్లు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ కలుపుతరు. ముళ్లు తక్కువైతే పొర ఉబ్బుతది, ఎక్కువైతే నీళ్లే సరిగ పోవు. పందిరికి తీగ కట్టినట్టే, ఎంత బిగించాల్నో అంతే.

ఇగ ఇథనాల్ దగ్గరికి వద్దాం. ఎంత మరిగించినా 95 శాతం దగ్గర ఆగిపోతది, మిగిలిన నీళ్లు ఇథనాల్‌తో పాటే ఆవిరైతయి. పెట్రోల్‌లో కలపాలంటే 99 శాతం పైన ఉండాలె. 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాలే ఇప్పటి తార్నాక ఐఐసీటీ. అక్కడి శాస్త్రవేత్తలు 2000 తర్వాతి ఏండ్లలో కైటోసాన్ పొరల మీద గట్టిగ పనిచేసి, ఆల్కహాల్ నుంచి నీళ్లు తీసే తీరు చూపించిన్రు. పొరకు ఒక దిక్కు కలిసిన ద్రవం, ఇంకో దిక్కు గాలి లాగేస్తరు. నీళ్లు పొరలో దూరి అవతల ఆవిరైపోతయి, ఆల్కహాల్ చాలా వరకు ఇవతలనే ఉంటది. ఫ్యాక్టరీలు ఇప్పటికీ ఎక్కువగ మాలిక్యులర్ సీవ్ గుళ్లతోనే ఆరబెడుతున్నయి. పొర ఏండ్ల తరబడి చిరగకుండ నిలవాలె, అదీ చౌకగ. అది తేలేదాక నేనైతే సంబరపడను.

ఇంకో మాట. పెంకు వ్యర్థమే కావొచ్చు, దాన్ని కడిగిన ఆమ్లం, కాస్టిక్ నీళ్లు కూడా వ్యర్థమే. కాటేదాన్ పక్కన నూర్ మహ్మద్ కుంట ఏమైందో మనం చూసినం. రేపు ఎవరన్న మన మండలంలో పెంకు నుంచి పొడి తీసే యూనిట్ పెడతమని గ్రామసభకు వస్తే, ఉద్యోగాలెన్ని అని అడిగే ముందు ఆ కడుగు నీళ్లు ఏ దిక్కు పోతయో కాగితం మీద గీసి చూపియ్యమని అడగండి.